రెండు తాళాల బీరువా

ఆళ్లగడ్డ,
8 జనవరి 2025

సకల జనులకు, ముఖ్యంగా నంద్యాలలో హెడ్మాస్టరుగా వెలుగుతున్న మా తమ్ముడు శాంసన్‌ సారుకు తెలియజేయు ప్రకటన.

ఎనిమిదో తరగతి రెండుసార్లు చదివి రెండుసార్లూ తప్పినదానను, ఆళ్లగడ్డ ఆడవాళ్ల జాకెట్లన్నిటి కొలతలూ నోటికి వచ్చినదానను అయిన పద్మమ్మ అను నేను, నేటి నుండి నా ఇంటిలోను, కుట్టుమిషను దుకాణములోను తాళంచెవులను రద్దు చేయడమైనది. ఇకమీదట ఏ తాళమైనా చెవితో తీయడం నాకు నామోషీ. అభ్యంతరములున్నవారు తెల్లకాగితంపై రాసి సంతకం చేసి పంపవలెను. ఫోన్లు స్వీకరించబడవు. ఎందుకంటే నువ్వు నా నంబరు బ్లాక్ చేసి ఉన్నావు.

ఆ సంగతి మళ్లీ తవ్వను గానీ, ఒక్క మాట. విద్యాశాఖ ఆఫీసు మేడమ్ లాగా గొంతు మార్చి, "మీ బడిలో పిల్లలకన్నా టీచర్లు పొట్టిగా ఉన్నారని ఫిర్యాదు వచ్చింది, అందరి ఎత్తులూ కొలిచి పంపండి" అన్నది నేనే. టేపు తెచ్చి అందరినీ గోడకు నిలబెట్టి కొలిచింది మాత్రం నువ్వు. కొలవమన్నదాని తప్పా, కొలిచినవాడి తప్పా?

తాళాల సంగతి ఎట్లా మొదలైందంటే, దుకాణం తాళంచెవి మురికి కాలవలో పడింది. తాళాలు బాగుచేసే బాషా వచ్చి, రెండు ఇనుప ముక్కలు లోపలికి పోనిచ్చి, నాతో మాట్లాడుతూనే తీసేశాడు. నాకూ నేర్పమన్నాను. "నేర్పిస్తే నా కడుపు కొట్టినట్లు గదక్కా" అన్నాడు. సరేనని ఫోనులో వెతికాను. ఎవరో దొర, మొహం చూపించడు, చేతులు మాత్రమే చూపిస్తాడు. ఆయన ఇంగ్లీషు ఒక్క ముక్క అర్థం కాలేదు. అదే మేలయింది, చూపంతా చేతుల మీదే నిలిచింది. బస్సు వైపరు లోపల ఉక్కు పట్టీ ఉంటుంది చూడు, డిపో మెకానిక్‌ని అడిగి తెచ్చుకుని కొక్కేలు అరగదీసుకున్నాను. మీ బావ ఆటో తుడుస్తూ ఒకటే మాట అన్నాడు: "పోలీసోళ్లొస్తే నేను ఊర్లో లేనని చెప్పు."

వాళ్లు వచ్చారు కూడా. ఆదివారం అంగళ్లు మూసి ఉంటే ఎరువుల అంగడి తాళం, సెల్లు అంగడి తాళం తీసి ఒకదాని చోట ఒకటి వేశాను. అంతే. సోమవారం పొద్దున ఇద్దరూ ఎవరి తాళంచెవి వాళ్లు తిప్పుకుంటూ చెమటలు కక్కారు. కానిస్టేబులు వచ్చి అంతా చూసి, "పోయిందేమీ లేదు గదప్పా, కేసెట్లా రాసేది?" అని టీ తాగి వెళ్లాడు.

ఇక అసలు మాట. ఇది నీకు తెలిసిందే. తెలిసిందాన్నే మళ్లీ చెబితే నీకు ఎక్కువ మండుతుందని రాస్తున్నాను. మన చర్చిలో ప్రభురాత్రి భోజనానికి అందరం ద్రాక్షరసం తాగే వెండి గిన్నె పెట్టే బీరువాకు రెండు తాళాలు. ఒక తాళంచెవి కార్యదర్శి దగ్గర, అంటే నీ దగ్గర. ఇంకోటి కోశాధికారి దేవసహాయమన్న దగ్గర. ఇద్దరూ కలిసి నిలబడితేనే అది తెరుచుకోవాలని పెద్దలు పెట్టిన పద్ధతి. గోడ గడియారం పది నిమిషాలు ముందుకు పెడితే జనం వేళకు వస్తారని నువ్వు, దేవుని మందిరంలో దొంగ టైము వేలాడకూడదని దేవసహాయమన్న కొట్లాడుకున్నారు. జూన్‌లో నీకు బదిలీ అయింది. నువ్వు తాళంచెవి జేబులో వేసుకుని నంద్యాల వెళ్లిపోయావు. అప్పటి నుంచి మేము దేవుని బల్ల దగ్గర కాగితం టీ కప్పుల్లో ద్రాక్షరసం తాగుతున్నాము. పోయిన ఆదివారం నా కప్పు కారింది కూడా.

ఎప్పుడొస్తావు?

నీ అక్క,
పద్మమ్మ


నంద్యాల,
16 జనవరి 2025

ప్రభువునందు ప్రియమైన అక్కకు, తమ్ముడు శాంసన్ వందనములు.

నీ ఉత్తరం చేరింది. ఎత్తులు కొలిచిన పట్టికను నేను చించేశాను. స్టాఫ్ రూములో ఎవరో మళ్లీ మళ్లీ రాసి అంటిస్తున్నారు. అందులో నాది కింది నుంచి రెండో పేరు. నీ నంబరు బ్లాకులోనే ఉంటుంది. సంతకంతో రాసినది మాత్రమే చదువుతాను.

తాళాలు తీయడం నేర్చుకోవడం తప్పు కాకపోవచ్చు. పరాయివాళ్ల తాళం ముట్టుకోవడం నేరం. ఈ వయసులో ఆడమనిషివి, హెడ్మాస్టరు అక్కవు, కానిస్టేబులుతో టీ తాగించే పనులు ఎందుకు?

బీరువా విషయం. నేను అలిగి తాళంచెవి తెచ్చుకున్నట్లు రాశావు. కార్యదర్శి పదవికి నేను రాజీనామా చేయలేదు, సంఘం అడగలేదు. కాబట్టి తాళంచెవి నా దగ్గర ఉండడమే న్యాయం. దేవసహాయమన్న ఒక్కసారి నోరు తెరిచి "శాంసనూ, రా" అంటే మరుక్షణం బస్సెక్కుతాను. ఆయన అనడు. నేను వెళ్లను. పాస్టరయ్యకు కూడా ఇదే చెప్పాను. ఆయన "మీరిద్దరూ కలిసి తెరవండి, లేకుంటే నాకు చెప్పొద్దు" అన్నారు.

నా తాళం మీద నీ వైపరు ముక్కలు ప్రయోగించాలని చూడవద్దు. అది ఆన్‌లైన్‌లో తెప్పించినది. లోపల సెక్యూరిటీ పిన్నులు ఉంటాయి. బాషా వల్ల కూడా కాదు.

ప్రియదర్శిని వందనాలు చెప్పమంది. నీవు కుట్టి పంపిన జాకెట్టుకు మూడు చేతులున్నాయట.

శాంసన్


ఆళ్లగడ్డ,
27 జనవరి 2025

తమ్ముడికి,

మూడో చెయ్యి రుమాలు పెట్టుకోవడానికి. నీ భార్యకు వాడడం రాకపోతే నేనేం చేయను.

సెక్యూరిటీ పిన్నులని రాసి మంచి పని చేశావు. అట్లాంటిదే ఒకటి తెప్పించుకున్నాను. కుట్టుమిషను పాదం కింద బిగించి, గిరాకీ లేనప్పుడు దాంతో కూర్చుంటున్నాను. మామూలు తాళంలో పిన్నులు పెన్సిలు ముక్కల్లాగా నిటారుగా ఉంటాయి. ఒక్కొక్కదాన్నీ సరైన ఎత్తుకు నెడితే లోపలి గొట్టం తిరుగుతుంది, తాళం ఊడుతుంది. నీ తాళంలో పిన్నులు దారపు రీలు మాదిరి నడుము దగ్గర సన్నం. ఆ నడుము దగ్గర తట్టుకోగానే గొట్టం కొంచెం తిరిగి ఆగుతుంది. మనం తెరుచుకుందని సంబరపడతాము. అది తెరుచుకోదు, తెరుచుకున్నట్లు నటిస్తుంది. ఇన్నేళ్లూ నేను జనాన్ని ఆడించాను గానీ, నన్ను ఆడించినది ఇదొక్కటే. గట్టిగా తిప్పితే ఇంకా బిగుసుకుంటుంది. చెయ్యి వదులు చేసి వెనక్కి పోనివ్వాలి. అప్పుడు కుదిరిన పిన్ను కూడా జారిపోతుందేమోనని భయం. ఆ భయంతో నేను ఇంకా గట్టిగా బిగిస్తాను. మళ్లీ మొదటికి. అన్ని తాళాల్లో నువ్వు ఇదే ఏరుకున్నావంటే, కొనే ముందు అద్దంలో చూసుకున్నావేమో అనిపిస్తుంది.

ఇప్పుడు రాసేది నవ్వులాటకు కాదు. దేవసహాయమన్న అమ్మ, కరుణమ్మ పెద్దమ్మ, జూన్ నుంచి బల్ల దగ్గర ఏమీ తీసుకోలేదు. టీ కప్పు ఇస్తే పక్కకు నెట్టేస్తుంది. మొన్న ఆమె దగ్గర కూర్చుంటే నాతో అన్నది: "బాప్తిస్మం నాడు నా నోటికి పెట్టిన గిన్నె అది. దాన్ని ఇనుప బీరువాలో పెట్టి, టీ కప్పులో దేవున్ని తాగమంటారేందే? ఆ గిన్నె తెండి, లేకుంటే నన్నిట్లే పోనీండి." ఆమె తిండి తగ్గింది. మంచం దిగడం లేదు. డాక్టరు రోగం పేరు చెప్పలేదు, వయసు అన్నాడు. అమ్మ కూలికి పోయినప్పుడు నీకు సంగటి ముద్ద పెట్టిన మనిషి ఆమె. నీకు కీర్తనలు నేర్పింది ఆమె. దేవసహాయమన్న మీద కోపం ఉంటే ఉండనీ. దయచేసి ఒక్క ఆదివారం రా.

పద్మమ్మ


నంద్యాల,
5 ఫిబ్రవరి 2025

ప్రియమైన అక్కకు వందనములు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి చదివి బ్యాగు సర్దుకున్నాను. రెండోసారి చదివి బట్టలు మళ్లీ బీరువాలో పెట్టాను.

పోయిన ఏడాది నువ్వు ఇట్లాగే "నవ్వులాటకు కాదు" అని మొదలుపెట్టి, పాస్టరయ్య గుండు చేయించుకుని వేరే మార్గంలోకి వెళ్లిపోయారని రాశావు. నేను ఆయనకు ఫోన్ చేసి అరగంట వాక్యం చెప్పి ఓదార్చాను. ఆయన జుట్టు ఆయనకే ఉంది. అంతకుముందు బావకు మతిమరుపు వచ్చి పరాయి ఇంట్లో భోంచేస్తున్నాడని రాశావు. అది మీ ఆడబిడ్డ ఇల్లు.

కరుణమ్మ పెద్దమ్మ క్రిస్మస్‌కు పళ్లెంలో రెండుసార్లు మటన్ వేయించుకుందని మన ఊరి నుంచి వచ్చినవాళ్లే చెప్పారు. ఇంకో సంగతి. ఈ ఉత్తరంలో "దయచేసి" అనే మాట ఉంది. పుట్టిన దగ్గర నుంచి నీ నోట నేను ఆ మాట వినలేదు. ఇది నీ మాట కాదు. దేవసహాయమన్న పక్కన కూర్చుని రాయించాడు. తను అడగవలసిన మాటను తల్లిని అడ్డం పెట్టి, మా అక్క చేత అడిగిస్తున్నాడు. ఆయన ఇంతకు దిగుతాడనుకోలేదు.

పెద్దమ్మకు నా వందనాలు చెప్పు. ఆరోగ్యంగా ఉందని తెలుసు, అయినా చెప్పు.

శాంసన్


ఆళ్లగడ్డ,
12 ఫిబ్రవరి 2025

శాంసనూ,

దయచేసి అని రాసింది నేనే. ఇంకెప్పుడూ రాయను.

మటన్ వేయించుకున్న మాట నిజం. మనవరాలికి వేసింది. ఆమె నోట్లో పెట్టుకోలేదు.

దేవసహాయమన్న నా పక్కన కూర్చుని రాయించాడంటివి. నీ పేరెత్తితే ఆ మనిషి గోడ దిక్కు తిరుగుతాడు. నిన్న వాళ్లింటికి వెళ్లి, "అన్నా, ఒక్క ఫోను చెయ్. పెద్దమ్మ కోసం" అన్నాను.

"నేనేల చేయాల? తాళంచెవి ఎత్తుకపోయినోడు వాడు."

"పోనీ ఆ తాళం కోయించు."

"కోయిస్తే నేను బీరువా పగలగొట్టినానని వాడు తీర్మానం రాస్తాడు. వాని చేతిరాత అందంగా ఉంటాది, జనం నమ్ముతారు."

లోపల మంచం మీద నుంచి పెద్దమ్మ దగ్గుతోంది. మేమిద్దరం వాకిట్లో నిలబడి నీ చేతిరాత గురించి మాట్లాడుకుంటున్నాము.

నువ్వు రాకపోతే పోయె. తాళంచెవి పంపు. రిజిస్టరు పోస్టులో పంపు, లేదా బస్సు కండక్టరు చేతికియ్యి. పెద్దమ్మ ముందు గిన్నె పెట్టి, మళ్లీ బీరువాలో పెట్టి, తాళంచెవి వెనక్కి పంపిస్తాను.

పద్మమ్మ


నంద్యాల,
19 ఫిబ్రవరి 2025

ప్రియమైన అక్కకు వందనములు.

తాళంచెవి పంపడం కుదరదు. కార్యదర్శి, కోశాధికారి స్వయంగా హాజరై తెరవాలని తీర్మానంలో ఉంది. ఆ తీర్మానం నేనే రాశాను. పైగా దాన్ని నీ చేతికి పంపితే బీరువాలో గిన్నె ఉంటుందో, ఎరువుల అంగడి తాళం ఉంటుందో ఎవరికి తెలుసు?

పెద్దమ్మ దగ్గుతున్నదని రాశావు. నాకు నమ్మాలని ఉంది. నమ్మిన ప్రతిసారీ నవ్వులపాలయ్యాను.

తాళంచెవులు రద్దు చేశానని జనవరిలో ప్రకటన చేశావు కదా. అంత పనిమంతురాలివైతే తెరిచి చూపించు. ఆ పని నీ వల్ల కాదు కాబట్టే ఇన్ని ఉత్తరాలు రాస్తున్నావు.

శాంసన్


ఆళ్లగడ్డ,
24 ఫిబ్రవరి 2025
(స్పీడు పోస్టు)

శ్రీ శాంసన్ సారుకు,

తెరిచాను.

మధ్యాహ్నం చర్చి ఊడ్చే వంతు నాది. దేవసహాయమన్న తాళం గురించి అడగొద్దు. అది తాళం కాదు, బొత్తాం. నీది సతాయించింది. కొంచెం తిరిగి నటించింది. చెయ్యి వదులు చేశాను. వెనక్కి పోయింది. పోనిచ్చాను. ఆ తర్వాత మిగిలిన పిన్ను కుదిరింది, కొక్కెం పైకి లేచింది. చీమ దగ్గినంత చప్పుడు.

లోపల గిన్నె అంచు చుట్టూ నల్లబడింది. రొట్టె పళ్లెం కూడా అంతే. మీద కప్పే తెల్లగుడ్డ మడతల దగ్గర పచ్చబారింది. నేను తోమలేదు, ఉతకలేదు. మీ ఇద్దరి నిర్వాకం ఊరంతా చూడాలని ఎట్లున్నది అట్లే పెట్టి, రెండు తాళాలూ మళ్లీ వేశాను.

వచ్చే ఆదివారం మార్చి 2, పాస్టరయ్య వస్తాడు. ఆరాధన మొదలుకాక ముందు సంఘమంతటి ఎదుటా బీరువా ముందర చాప వేసుకుని కూర్చుని, వైపరు ముక్కలతో రెండు తాళాలూ తీయబోతున్నాను. పిల్లలకు ముందు వరుస. తర్వాత ఎవరైనా నేర్చుకుంటామంటే ఉచితంగా నేర్పుతాను. నీ తాళంచెవితో చెవి గోక్కో.

పద్మమ్మ


నంద్యాల,
26 ఫిబ్రవరి 2025
(స్పీడు పోస్టు)

అక్కా,

ముట్టుకోవద్దు. సంఘం ఎదుట అట్లాంటి పని చేస్తే ఆ బీరువాకు ఇక మర్యాద ఉండదు. ఆదివారం మొదటి బస్సుకు వస్తున్నాను. నా తాళం నేను తీస్తాను. దేవసహాయమన్నకు నేను వస్తున్నట్లు చెప్పవద్దు. ఆయన కోసం రావడం లేదు.

శాంసన్


నంద్యాల,
5 మార్చి 2025

ప్రియమైన అక్కకు వందనములు.

ఆదివారం నువ్వు వంటపనిలో ఉండగానే తిరుగు బస్సెక్కాను. నోటితో చెప్పలేనిది ఉంది, అందుకే రాస్తున్నాను.

నేను చర్చిలో అడుగు పెట్టేసరికి దేవసహాయమన్న బీరువా ముందు కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. చేతిలో తాళంచెవి. నిన్ను ఆపడానికి కూర్చున్నాడనుకున్నాను.

"వచ్చినావా?" అన్నాడు.

"వచ్చినా."

"టైమెంతయింది?"

ఇద్దరం గోడ గడియారం వైపు చూశాము. అది ఆగిపోయి ఉంది. బ్యాటరీ మార్చే హక్కు ఎవరిదో తేలక ఎవరూ మార్చలేదట. ఆయన తాళం ఆయన తీశాడు. నా తాళం నేను తీశాను. రెండుసార్లు తిప్పవలసి వచ్చింది. ఆయన చూసి చూడనట్లు ఉన్నాడు.

గిన్నె నువ్వు రాసినట్లే ఉంది. అంచు చుట్టూ నలుపు, గుడ్డకు మడతల దగ్గర పసుపు. అది చూశాక నీ పనితనం మీద నాకున్న చివరి అనుమానం పోయింది. నా తాళం మీద ఒక్క గీత లేదు. ఎట్లా చేశావో అర్థం కాలేదు. ఆయన గిన్నె తోముతుంటే నేను నీళ్లు పోశాను.

పెద్దమ్మను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి మోసుకొచ్చారు. నన్ను చూసి, "ఏమప్పా శాంసనూ, ఇంత బేగా వచ్చినావే?" అంది. గిన్నెను రెండు చేతులతో పట్టుకుంది. ఆ చేతులు చూశాను. నువ్వు జనవరిలో రాసింది నిజం. నేను నమ్మలేదు. ఆ విషయం ఇంతకంటే రాయలేను.

తాగి, "ఈ పొద్దు చక్కెర తక్కువైంది" అంది. దేవసహాయమన్న నవ్వాడు. నేనూ నవ్వాను.

నిన్న ఆయనే ఫోన్ చేశాడు. ఇద్దరం ఒక మాటకు వచ్చాము. పదహారో తేదీ సంఘం మీటింగులో తీర్మానం పెడుతున్నాము. తాళంచెవులు లేకుండానే ఆ బీరువా తెరవగల మనిషివి నువ్వు గనుక, మాలో ఎవరు అలిగినా గిన్నె ఆగకుండా, నిన్ను మూడో బాధ్యురాలిగా పెడుతున్నాము. తీర్మానం చిత్తు నేనే రాశాను. "విశేష హస్తనైపుణ్యము గల" అని నీ పేరు ముందు చేర్చాను.

నీ నంబరు బ్లాకు తీసేశాను.

నీ తమ్ముడు,
శాంసన్


ఆళ్లగడ్డ,
10 మార్చి 2025

తమ్ముడికి,

నంబరు తీసినందుకు సంతోషం. ఈ ముక్క ఫోనులో చెప్పొచ్చు గానీ, చెబితే నమ్మవు. సంతకంతో రాసింది చదువుతానన్నావు.

పెద్దమ్మ లేచి వాకిట్లో కూర్చుంటోంది. నిన్న సంగటి తిన్నది. కోడలు చేసిన చారులో ఉప్పు లేదని పక్కింటికి వినపడేలా తిట్టింది. ఎన్నాళ్లుంటుందో తెలియదు. మళ్లీ నెల బల్లకు తనను ముందు వరుసలో కూర్చోబెట్టాలని ఇప్పుడే చెప్పి పెట్టింది.

దేవసహాయమన్న కుర్చీ వేసుకుని కూర్చున్నది నన్ను ఆపడానికి కాదు. "శాంసను ఉత్తరం రాసినాడన్నా, ఆదివారం నీ పక్కన నిలబడి తాళం తీస్తాడంట" అని నేను చెప్పాను. అప్పటికి నీ ఉత్తరం నాకు ఇంకా అందనే లేదు. ఆయన నమ్మాడు. పొద్దున్నే వచ్చి కూర్చున్నాడు. నువ్వు రాకుంటే నా గతి ఏమయ్యేదో ఆలోచించు. నేను ఆలోచించే చాప కూడా తీసుకుపోలేదు.

ఇక తీర్మానం. చిత్తు చించెయ్. విశేష హస్తనైపుణ్యమని నా పేరు ముందర రాసి, దాని కింద సంఘం పెద్దలంతా సంతకాలు పెడితే, రేపు మీరిద్దరూ మళ్లీ దేనికో ఒకదానికి అలుగుతారు. అందరూ నా చేతుల దిక్కు చూస్తారు. పెద్దమ్మ కూడా చూస్తుంది. వేరే ఎవరినైనా ఎంత ఆడించినా నాకు నిద్ర పడుతుంది. ఆమె గిన్నె మాత్రం నా గొప్ప మీద ఆధారపడకూడదు. దాని బదులు మీ ఇద్దరివీ మారు తాళంచెవులు చేయించి పాస్టరయ్య చేతికివ్వండి.

దయచేసి అని నిజం రాస్తే నువ్వు బట్టలు మళ్లీ బీరువాలో పెట్టుకున్నావు. అందుకే తెరిచానని అబద్ధం రాశాను. ఎనిమిది నెలలు తోమని వెండి నల్లబడకుండా ఉంటుందా? మడిచి పెట్టిన తెల్లగుడ్డ పచ్చబారకుండా ఉంటుందా? బట్టలతో బతికేదాన్ని, ఆ మాత్రం చూడకుండానే రాయగలను.

నీ తాళాన్ని నేను తెరవలేదు. బీరువాకున్నదీ తెరవలేదు, నేను కొనుక్కున్నదీ ఇంతవరకు తెరుచుకోలేదు. తెరిచానని ఎప్పుడైనా రాస్తే నమ్మొద్దు. వచ్చి చూడు.

పద్మమ్మ